రక్తం పలచబడే మాత్ర.. పక్కవాళ్ల డోసు మనకు పనికిరాదు!

గుండె కవాటం మార్పించుకున్న ఇద్దరు ఆసుపత్రి బల్ల మీద కూర్చుంటే ముందుగా వచ్చే మాట 'మీకెంత డోసు?' అనే. ఒకరికి రోజుకు 2 మిల్లీగ్రాములు, ఇంకొకరికి 6. వయసు, బరువు ఇంచుమించు ఒకటే. మరి ఇంత తేడా ఏంటి? డాక్టరు పొరపాటేం కాదు, వార్ఫరిన్ మందు తీరే అంత.

పేరుకు 'రక్తం పలచబడే మందు' గానీ ఇది రక్తాన్ని నీళ్లలా మార్చదు. విటమిన్-కె సాయంతో కాలేయంలో తయారయ్యే, రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తగ్గిస్తుంది. డోసు చాలకపోతే కవాటం మీద గడ్డ కట్టి పక్షవాతం రావొచ్చు. ఎక్కువైతే లోపల రక్తస్రావం. మధ్యలో దారి చాలా ఇరుకు.

ఆ దారిని తేల్చడంలో పుట్టిన జాతికీ పాత్ర ఉంది. అమెరికాలో 2005లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఒకే ఫలితం రావడానికి ఆసియా సంతతి వాళ్లకు వారానికి సగటున 24 మిల్లీగ్రాములు చాలితే, తెల్లవాళ్లకు 36, ఆఫ్రికా సంతతికి 43 కావాల్సి వచ్చింది. ఇందుకు ముఖ్య కారణం వీకేఓఆర్‌సీ1 అనే జన్యువు. మందుకు తేలిగ్గా లొంగే దాని రకం చైనా, జపాన్ జనంలో చాలా ఎక్కువ, ఆఫ్రికన్లలో బాగా తక్కువ.

'ఆసియా' అంటే అంతా ఒకటేనా?

మనమూ ఆసియావాళ్లమే కదా, తక్కువ మందు చాలనుకుంటే చిక్కే. చైనీయులు, మలయ్‌లు, భారతీయులు కలిసి బతికే సింగపూర్‌లో చూస్తే భారతీయులకే ఎక్కువ డోసు పట్టింది. ఆ లొంగే రకం మనలో తక్కువ మరి. అలాగని అందరికీ పెంచేయడానికీ లేదు. మందును కాలేయంలో విరిచే సీవైపీ2సీ9 అనే ఇంకో జన్యువుంది. పుదుచ్చేరి జిప్మర్ పరిశోధకులు దక్షిణాది జనంలో, మన తెలుగువాళ్లతో సహా, దాన్ని పరిశీలించారు. మందును నెమ్మదిగా విరిచే రకాలు ఇక్కడా ఉన్నాయి. అలాంటివాళ్లకు మామూలు డోసే ఎక్కువైపోతుంది. ఒక తల్లి బిడ్డల్లోనే ఈ తేడా రావొచ్చు.

తరాల కిందట తమిళనాడు, కర్ణాటక వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లలో వీధిలో భాష మారినా పెళ్లిళ్లు చాలావరకు కులంలోనే, మేనరికాల్లోనే. కాబట్టి పాత జన్యువులూ వెంటే ఉంటాయి. వైశ్యుల సంగతే చూడండి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించే సక్సినైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైము ఆ సముదాయంలో కొందరికి ఉండదు. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో పరిశోధకులు వెల్లడించారు. అలాంటి వాళ్లకు మందు ఎంతకీ దిగక, సొంతంగా ఊపిరి తీసుకునేదాకా యంత్రం మీద ఉంచాల్సి వస్తుంది. మత్తు డాక్టరుకు ఈ మాట ముందే చెప్పుకోవడం మేలు. వార్ఫరిన్‌కు మాత్రం కులం చూసి డోసు రాసే వీలు లేదు.

సరిహద్దు దాటినా ఒకటే లెక్క

ఆపరేషన్ ఒకచోట, నెలనెలా పరీక్ష మరోచోట. హోసూరు నుంచి బెంగళూరుకు, బరంపురం నుంచి విశాఖకు, యానాం నుంచి కాకినాడకు తిరిగేవాళ్ల పరిస్థితి ఇదే. వీళ్లకు ఆసరా ఐఎన్ఆర్ అంకె. ల్యాబు ల్యాబుకూ సెకన్ల లెక్క మారుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో ఈ ఉమ్మడి కొలత తెచ్చింది. ఎంత ఉండాలో కవాటాన్ని బట్టి డాక్టరు చెబుతారు. డోసు దాన్ని బట్టే. పాలకూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తిని, మరో వారం ముట్టకపోతే అంకె తప్పుతుంది.

మందు పేరూ చూసుకోవాలి. మన దగ్గర చాలామంది వాడే ఎసిట్రోం వార్ఫరిన్ కాదు, దాని దాయాది. మిల్లీగ్రాముల లెక్క వేరు. ఊరు మారినప్పుడు 'రోజుకు 3' అంటే చాలదు, ఏ మందులో 3 అన్నది చీటీలో ఉండాలి. పరీక్షలు అక్కర్లేని కొత్త మాత్రలున్నాయి కదా అంటారు కొందరు. లోహపు కవాటం ఉన్నవాళ్లకు అవి పనికిరావు. కీళ్లవాతపు జ్వరంతో కవాటం మూసుకుపోయి, గుండె లయ తప్పినవాళ్లకూ పాత మందే మెరుగని 2022లో వచ్చిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది.