పేరొకటి, లోపల ఇంకొకటి

2015 సెప్టెంబరులో తెలంగాణ ఆస్పత్రులకు ఓ వింత తాకిడి మొదలైంది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి, హైదరాబాద్ బస్తీల నుంచి కూలీనాలీ చేసుకునేవాళ్లు, ఆడా మగా, వణికే చేతులతో వచ్చారు. రాత్రుళ్లు నిద్ర లేదు. కొందరికి ఫిట్స్. కొందరు ఎదురుగా లేని మనుషులతో మాట్లాడుతున్నారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో ఓపీ కిక్కిరిసిపోయింది. అలాగని వీళ్లు డ్రగ్స్ జోలికి వెళ్లినవాళ్లు కాదు. పొద్దుగూకాక కల్లు తాగుతారు, అంతే.

ఆ కల్లులోనే ఉంది అసలు సంగతి. ఈత చెట్లు, తాటి చెట్లు ఇచ్చే కల్లెంత, జనం తాగే కల్లెంత? ఆ లోటును కొందరు నీళ్లతో, తీపికి శాకరిన్‌తో, మత్తుకు అల్ప్రాజోలం పొడితో పూడ్చేవారు. అల్ప్రాజోలం అంటే ఆందోళన తగ్గడానికి డాక్టరు చీటీ మీద ఇచ్చే మాత్ర. ప్రభుత్వం కల్తీ మీద దాడులు ముమ్మరం చేయగానే పొడి ఆగింది, మనుషులు కూలిపోయారు.

ఎందుకలా జరుగుతుందో చెప్పుకోవాలి. అల్ప్రాజోలం మెదడుకు బ్రేకు లాంటిది. రోజూ ఎవరో బ్రేకు తొక్కిపెడుతుంటే బండి నడవడానికి మెదడు తన వంతుగా యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కడం నేర్చుకుంటుంది. ఒకరోజు హఠాత్తుగా బ్రేకు మీంచి కాలు తీసేస్తే? వణుకు, ఫిట్స్, భ్రమలు అన్నీ ఆ అదుపు తప్పిన పరుగే. అందుకే డాక్టర్లు ఇలాంటి అలవాటును ఒక్కరోజులో మాన్పించరు. అదే జాతికి చెందిన, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందు ఇచ్చి మోతాదు మెల్లగా దించుతారు. ఇంట్లో బలవంతంగా గదిలో పెట్టి మాన్పిద్దామనుకోవడం ప్రమాదం. 2015 నాటి కల్తీ పాఠం పదేళ్ల తర్వాత కూడా వంటబట్టలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

దీన్ని తెలంగాణ గోడు అనుకుని పక్కన పెట్టేయడానికి లేదు. ప్రపంచమంతటా మత్తు వ్యవహారం ఇలా లోపలేముందో తెలియని దారిలోనే నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారం 2023లో 31.6 కోట్ల మంది ఏదో ఒక మత్తు పదార్థం వాడారు. మద్యం, పొగాకు ఇందులో కలపలేదు. సంఖ్యలో గంజాయిదే పైచేయి, 24.4 కోట్ల మంది. నల్లమందు జాతి మందులు, అంటే హెరాయిన్, ఫెంటానిల్ వంటివి వాడేవారు 6.1 కోట్లే. చావుల్లో మాత్రం వీటిదే పెద్దవాటా.

ఫెంటానిల్‌ను 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ బృందం తయారుచేసింది. చెడ్డ మందేమీ కాదు, మన ఊళ్లలో ఆపరేషన్ బల్ల మీద మత్తు డాక్టర్లు రోజూ వాడేదే. అయితే వాళ్లు కొలిచేది మైక్రోగ్రాముల్లో. ఇది హెరాయిన్ కన్నా దాదాపు 50 రెట్లు ఘాటు. అలవాటు లేనివాడికి రెండు మిల్లీగ్రాములు, అంటే పది పదిహేను ఉప్పు రవ్వలంత, ప్రాణం తీయొచ్చు. దాన్ని దొంగచాటు మిక్సీలో వేరే పొడితో కలిపి మాత్రలు గుద్దితే ఏమవుతుందో ఊహించుకోండి. ఉప్పు సరిగా కలవని పులిహోర గుర్తు చేసుకుంటే చాలు. ఒక ముద్ద చప్పగా ఉంటుంది, పక్క ముద్దలో ఉప్పు గడ్డ తగులుతుంది. ఒకే సంచిలోని రెండు మాత్రల్లో ఒకటి మత్తునిస్తుంది, రెండోది చంపుతుంది.

చంపే తీరు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఊపిరి తీయమని మెదడు అడుగుభాగం ఆజ్ఞ ఇస్తుంది. ఈ మందు ఆ ఆజ్ఞను మందగింపజేస్తుంది. మనిషి గాఢంగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, గొంతులో గురక, మధ్యమధ్య ఊపిరికి పెద్ద విరామం, పెదవులు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో. పక్కవాళ్లు 'పడుకున్నాడులే' అనుకుంటారు. నాలోక్సోన్ అనే విరుగుడు ముక్కులో స్ప్రే చేస్తే నిమిషాల్లో ఊపిరి తిరిగొస్తుంది. కానీ దాని ప్రభావం గంటా గంటన్నరకు దిగిపోతుంది, లోపలి మందు అప్పటికీ మిగిలి ఉంటే మనిషి మళ్లీ మునుగుతాడు. అందుకే లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

అమెరికాలో 2022లో అన్నిరకాల మత్తుమందులు మోతాదు మించి 1,07,000 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంట్లో దొరికింది ఫెంటానిల్ వంటి కృత్రిమ మందే. 2023లో నాలోక్సోన్ స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. 2024లో మరణాలు దాదాపు 80 వేలకు తగ్గాయి. కారణాలు ఇంకా ఉన్నాయి, విరుగుడుకూ ఆ ఘనతలో వాటా ఉందని చాలామంది నిపుణులు ఒప్పుకుంటారు.

ఇక సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. అఫ్గానిస్తాన్‌లో 2022 ఏప్రిల్‌లో తాలిబాన్లు నల్లమందుకు మూలమైన గసగసాల సాగును నిషేధించారు. మరుసటి ఏడాదికి సాగు 95 శాతం పడిపోయింది. ఒకప్పుడైతే ఇది ప్రపంచ హెరాయిన్ బజారును కుదిపేసే వార్త. ఇప్పుడు పొలం లేకపోయినా పర్లేదు. ప్రయోగశాలకు వాన అక్కర్లేదు, కోత కాలం అక్కర్లేదు. 1950ల్లో స్విట్జర్లాండ్‌లో కనిపెట్టి, మందుగా ఎన్నడూ వాడకుండా మూలన పడేసిన నిటాజీన్లు అనే నల్లమందు జాతి కృత్రిమ మందులు ఇప్పుడు యూరప్‌లో నకిలీ నిద్రమాత్రల్లో తేలుతున్నాయి. పంట తగలబెట్టే ఫొటోలు పత్రికల్లో బాగుంటాయి గానీ, నా లెక్కలో వాటి కాలం చెల్లింది.

చికిత్స సంగతి మరీ నిరాశ. 2022లో మత్తుకు బానిసలై వైద్యం అవసరమైన వాళ్లు 6.4 కోట్ల మంది ఉంటే, పదకొండు మందిలో ఒకరికే అది అందింది. ఆడవాళ్లలో పద్దెనిమిది మందికి ఒకరు. మన దేశంలో 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా దారి చెబుతారు. అయితే ఫోన్ చేయాలంటే ముందు తనకో జబ్బుందని తెలియాలి కదా. 2015లో ఎర్రగడ్డకు వచ్చిన ఆడవాళ్లు కల్లు దుకాణంలో పొడి ఆగింది కాబట్టే వచ్చారు. ఆగకపోయి ఉంటే ఆ సాయంత్రమూ సీసా పట్టుకుని అక్కడే కూర్చునేవారు.