చవుటినేలలో వరి

ఊషరక్షేత్రమున జల్లిన విత్తు వ్యర్థమగునని మన పెద్దలు దృష్టాంతముగా జెప్పుచుందురు. వరి విషయమున ఆ మాట సగమే నిజము. వరివిత్తు మొలకెత్తునపుడు ఉప్పును చాలవరకు ఓర్చుకొనును. రెండు మూడాకుల లేతనారును, పూతవేళ చేనును మాత్రము ఓర్వజాలవు. పూతవేళ దెబ్బతిన్న చేను పచ్చగానే కనబడుచు, కోతనాటికి తాలుగింజలను మిగుల్చును.

ఉప్పు చేయు కీడు రెండు విధములు. మొదటిది దాహము. మాగాయకై ఉప్పు వేసిన మామిడిముక్కలు నీరు విడుచుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. చవుటిమడిలో వేళ్లగతియు నట్టిదే. చుట్టును నీరుండియు దానిని లోనికి లాగుకొనుట కష్టమగును. రెండవది విషము. ఉప్పులోని సోడియము, మొక్కకు కావలసిన పొటాసియమును పోలియుండుటచే, దాని ద్వారములగుండ జొరబడును. దాని పని మాత్రము చేయజాలదు.

తట్టుకొను వంగడములు, పైకెక్కు రసములోనుండి సోడియమును వెనుకకు తీసి, ఆకులకు మితముగానే పోనిచ్చును. వంగదేశపు నోనా బొక్రా యను వంగడమున ఈ పని చేయు జన్యువును 2005 లో గుర్తించిరి. (నోనా యనగా ఉప్పనిది, మన లవణశబ్దమునకు తద్భవమే.) అప్పటికిని తప్పించుకొని వచ్చిన యుప్పును ముదురాకులలో జేర్చి, మొక్క లేతయాకును కాపాడుకొనును. కావున ముదురాకు కొన మాడినంతనే రైతు నిరాశపడరాదు. లేతయాకును చూడవలెను, అదియు మాడినచో అపాయమే.

కేరళ తీరమున పొక్కాలి వరి పండించువారి యుపాయము మెచ్చదగినది. మడిలో మట్టిదిబ్బలు వేసి, తొలకరివానలకు వానియుప్పు కడుగుకొనిపోయిన పిమ్మట, వానిపై విత్తుదురు. నారెదిగినపిదప దిబ్బను విడగొట్టి మొక్కలను మడియంతటను సర్దుదురు. లేతనాటి గండము ఆ దిబ్బమీదనే గడచిపోవును. కోతయైనపిదప ఆ మడులలోనే ఉప్పునీట రొయ్యలను పెంచుదురు.

మన తీరమునను ఈ బాధ కలదు. 1977 నవంబరు 19 న వచ్చిన యుప్పెన దివిసీమ పొలములను సముద్రజలముతో ముంచినది. అట్టి పొలములలో నెలదాటిన ముదురునారును, కుదురునకు ఒకటి రెండు మొక్కలు హెచ్చుగా నాటుట మేలు. అంతకుముందు మంచినీరు నిలిపి, మురుగుకాలువకు వదలవలెను. పెట్టుటకంటె వదలుటయే ముఖ్యమని నా యభిప్రాయము. మురుగు పోవుదారి లేనిచో ఎండకాలమున నీరావిరియై, ఉప్పు మరల తెల్లగా పైకి దేలును.