హిజ్రీ – శకము: కాలనిర్ణయము

గతమును గూర్చి మనము చెప్పు ప్రతి మాటకును కాలనిర్ణయమే పునాది. ఏది ముందు, ఏది తరువాత అని తేలనిదే ఏది కారణము, ఏది ఫలితము అన్నది తేలదు. దక్కను చరిత్రకు ఈ పని కొంత చిక్కైనది. గోలకొండ కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని ఫారసీ, తెలుగు భాషలు రెండింటను వెలువడినవి. వాటితోపాటు రెండు కాలగణనలు మనకు సంక్రమించినవి.

హిజ్రీ సంవత్సరము కేవల చాంద్రమానము. దానికి సుమారు 354 దినములు. అందువలన ముహర్రము ఏటేట దాదాపు 11 దినములు ముందునకు జరుగును. శాలివాహన శకము అధికమాసముల సాయమున ఋతువులను వీడక నడచును. గత శకవర్షమునకు 78 కలిపినచో ఆ యేటి ఉగాది పడిన క్రీస్తు సంవత్సరము లభించును. హిజ్రీకి ఇట్లు ఎల్లప్పుడును ఒకే సంఖ్యను కలుప వీలులేదు.

చార్మినారును ఉదాహరణముగా తీసికొందము. దాని నిర్మాణకాలమునకు సూచకముగా ప్రసిద్ధమైన మాట ‘యా హాఫిజ్’. అబ్జదు లెక్కలో యే 10, అలిఫు 1, హే 8, అలిఫు 1, ఫే 80, జోయ్ 900, మొత్తము 1000. హిజ్రీ 1000 క్రీ.శ. 1591 అక్టోబరున మొదలై 1592 అక్టోబరున ముగిసినది. మన కవులకును ఇట్టి పద్ధతి గలదు. ‘రామ, ఇందు, బాణ, చంద్ర’ అన్నచో 3, 1, 5, 1. కుడినుండి ఎడమకు చదివిన శకము 1513. అది ఖర నామ సంవత్సరము, 1591 ఉగాదితో ఆరంభమైనది. కావున హిజ్రీ 1000లో మొదటి భాగము ఖరలోను, మిగిలినది నందనలోను పడినది. నెల తెలియక రెండింటిని ఒకటిగా కట్టినచో ఒక యేడు తప్పును. సంవత్సర నామమును మాత్రమే నమ్మినచో 60 ఏండ్లు తప్పవచ్చును. ఖర 1531లోను, 1651లోను వచ్చినదే గదా!

అందుచేతనే పరిశోధకులు ఒక్క ఆధారముతో తృప్తిపడరు. తిథివారములు పొసగుచున్నవా, చెప్పిన గ్రహణము ఆనాడు పట్టినదా అని గణించి చూతురు. ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై 1922లో ప్రకటించిన పంచాంగ పట్టికలు ఈ పనికి గొప్ప సాధనములైనవి. లిపి స్వరూపమును, రాజు పేరును సరిపోల్తురు. సంఖ్యాపదము తరువాతి కవి కూర్చినదియు కావచ్చును. శాసనము కట్టడముకంటె అర్వాచీనమైనదియు కావచ్చును. రాతిపై తేదీ ఉన్నంతమాత్రమున అది గోడకు తేదీ కాదు.

ఊరి మసీదు గోడపైననో, గుడి స్తంభముపైననో ఉన్న అక్షరములు సున్నపు పూతల క్రింద మరుగుపడుచున్నచో, వాటితోపాటు ఒక సాక్ష్యము పోవును. ఉర్దూ విద్యార్థి అబ్జదును, తెలుగు విద్యార్థి శకమును ఎరిగియుండవచ్చును. ఇరువురును ఒకే రాతి యెదుట కూర్చున్ననాడే ఆ సాక్ష్యము పూర్తిగా పలుకును. సెలవులలో స్వగ్రామములకు పోవు మన విద్యార్థులు అట్టి శాసనములను గుర్తించి, అక్షరము మార్చక వ్రాసికొని వత్తురేని, వాటిని కలిసి చదువుట మన కళాశాలకు తగిన పని యని మా విశ్వాసము.