కందాయంలో గ్రంథాలయం వాటా: ఆ సొమ్ము ఎందుకు ఆగుతుంది? ఎలా రాబట్టుకోవాలి?

కర్ణాటకలోని ఆనేకల్ తాలూకాలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. కొందరు తరాల కిందటే ఇక్కడ స్థిరపడ్డారు. కొందరు బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె ఫ్యాక్టరీల వెంట వచ్చారు. చందాపుర, సర్జాపుర వైపు ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు ఇంకొందరు. సొంత ఇల్లున్న ప్రతి కుటుంబమూ ఏటా కందాయం, అంటే ఆస్తి పన్ను, కడుతుంది. అందులో గ్రంథాలయం పేరుతో కూడా కొంత కడుతున్నామని గమనించేవాళ్లు తక్కువ. ఊళ్లో గ్రంథాలయం ఎందుకిలా ఉందని అడిగితే, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదట అన్న జవాబుతో సరిపెట్టుకుంటారు. ఆ జవాబు నిజమేనా? ఒక్కో ప్రశ్ననూ నిదానంగా విప్పి చూద్దాం.

గ్రంథాలయానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కర్ణాటకలో దీనికి ఆధారం 1965 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం. ఆ చట్టం ప్రకారం డబ్బు మూడు దారుల్లో వస్తుంది. మొదటిది సెస్. ఆస్తి పన్ను మీద రూపాయికి 3 పైసలతో మొదలై, తర్వాత 6 పైసలైంది. రెండోది ప్రభుత్వ గ్రాంటు. జిల్లాలో వసూలయ్యే భూమి శిస్తులో 3 శాతానికి సమానమైన మొత్తం ఏటా ఇవ్వాలని చట్టం చెప్పింది. మూడోది గ్రంథాలయ శాఖ ఉద్యోగుల జీతాలు. వాళ్లు ప్రభుత్వోద్యోగులు కాబట్టి ఆ ఖర్చు రాష్ట్ర ఖజానాదే.

వీటికి తోడు కోల్‌కతాలో 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ నుంచి కేంద్ర సాయం వస్తుంది. అయితే ఆ సాయంలో ఒక భాగం రాష్ట్రం తన వాటా వేస్తేనే అందుతుంది. రాష్ట్రం చేయి ముడుచుకున్న ఏడాది కేంద్రం వాటా కూడా చేజారుతుంది. అంటే ఒక కోత రెండు కోతలవుతుంది.

నా రసీదులో ఎంత పోతోంది?

లెక్క తేలిక. ఆనేకల్ పురసభ లాంటి పట్టణ సంస్థలో ఆస్తి పన్ను మీద పడే సెస్సుల్లో ఇవి ముఖ్యం: ఆరోగ్యానికి 15 శాతం, గ్రంథాలయానికి 6 శాతం, బిచ్చగాళ్ల పునరావాసానికి 3 శాతం. పన్ను 5,000 రూపాయలైతే దాని మీద గ్రంథాలయం వాటా 300. గ్రామ పంచాయతీలో వీటికి 10 శాతం విద్యా సెస్ కలుస్తుంది, గ్రంథాలయానిది మాత్రం అదే 6 శాతం. వెయ్యి ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో ఒక్కో ఇంటికి 300 చొప్పున పడితే, ఆ ఒక్క ఆవరణ నుంచే ఏడాదికి 3 లక్షలు గ్రంథాలయం పేరున జమ కావాలి.

పొరుగు రాష్ట్రాల్లో రేటు ఇంకా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో రూపాయికి 8 పైసలు. అత్తిబెలె దాటి హోసూరులో అడుగుపెడితే, తమిళనాడులో 10 పైసలు.

ఖజానా నుంచి ఇవ్వకుండా విడిగా సెస్ ఎందుకు పెట్టారు?

సరిగ్గా ఖజానాకు కరువు వచ్చే రోజుల కోసమే. ప్రభుత్వానికి రాబడి తగ్గితే గ్రాంట్లు తగ్గుతాయి. అమ్మకాలు పడిపోతే అమ్మకాల మీద వచ్చే పన్నూ పడిపోతుంది. ఆస్తి పన్ను అంతగా ఊగిసలాడదు, ఎందుకంటే మాంద్యం వచ్చినా కట్టిన ఇల్లు ఎక్కడికీ పోదు. అందుకే గ్రంథాలయాన్ని ఆస్తి పన్నుకు ముడివేస్తే దానికి ఏటేటా నమ్మకమైన రాబడి ఉంటుందని చట్టం రాసినవాళ్లు భావించారు.

ఈ ఆలోచనకు పెద్ద దిక్కు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్. ఆయన కృషితో వచ్చిన 1948 నాటి మద్రాసు చట్టమే స్వతంత్ర భారతదేశంలో మొదటి గ్రంథాలయ చట్టం. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి కాబట్టి తెలుగువాళ్లకు గ్రంథాలయ సెస్ పరిచయమై 75 ఏళ్లు దాటింది. 1955లో హైదరాబాద్ రాష్ట్ర చట్టం వచ్చింది. రెండింటినీ కలుపుతూ 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. రంగనాథన్ చివరి ఏళ్లు బెంగళూరులో గడిపారు. 1962లో అక్కడే గ్రంథాలయ శాస్త్ర పరిశోధన, శిక్షణ కేంద్రాన్ని స్థాపించి, 1972లో అక్కడే కన్నుమూశారు.

చట్టానికి ముందు గ్రంథాలయాలు చందాలతో, దాతల చలవతో నడిచేవి. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందరినీ ఒక చోట చేర్చిన అయ్యంకి వెంకటరమణయ్య ఉద్యమం, కృష్ణా కాలువ మీద పల్లెపల్లెకూ తిరిగిన పడవ గ్రంథాలయం అన్నీ ప్రజలు తమ చేతి సొమ్ముతో నిలబెట్టినవే. సెస్ రాకతో ఆ చందా చట్టబద్ధమైంది. ఇవ్వగలిగినవాడి దయ స్థానంలో అందరి వాటా వచ్చింది.

మరి ప్రత్యేకంగా డబ్బున్నా గ్రంథాలయం ఎందుకు చిక్కిపోతోంది?

అసలు చిక్కు వసూలులో తక్కువ, బదిలీలో ఎక్కువ. సెస్ వసూలు చేసేది స్థానిక సంస్థ. ఖర్చు పెట్టాల్సింది జిల్లా లేదా నగర గ్రంథాలయ ప్రాధికార సంస్థ. మీరు ఒకే చలానాతో పన్నూ, సెస్సులూ కడతారు. ఆ మొత్తం ముందు స్థానిక సంస్థ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి గ్రంథాలయం వాటాను విడదీసి పంపాలి. చేతిలో నగదు పుష్కలంగా ఉన్న ఏడాది పంపుతారు. లోటు వచ్చిన ఏడాది ఆ డబ్బే పారిశుధ్య కార్మికుల జీతాలకు, కరెంటు బిల్లులకు, రోడ్ల గుత్తేదారుల బకాయిలకు సర్దుబాటవుతుంది. చెత్త ఒక్క రోజు ఎత్తకపోయినా ఊరంతా గొడవ చేస్తుంది. కరెంటు బిల్లు కట్టకపోతే వీధి దీపాలు ఆరిపోతాయి. పుస్తకాలు కొనకపోతే మాత్రం ఎవరూ కార్యాలయం గుమ్మం ఎక్కరు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఇక లోటులో ఉన్న పురసభ ఎందుకు పెడుతుంది?

ఇది చిన్న ఊళ్ల సమస్య మాత్రమే కాదు. బెంగళూరు మహానగర పాలికె గ్రంథాలయ శాఖకు చెల్లించాల్సిన సెస్ బకాయిలు వందల కోట్లకు పెరిగాయి. హైదరాబాదులోనూ నగర గ్రంథాలయ సంస్థకు జీహెచ్ఎంసీ పడిన బాకీ కథ ఇలాగే ఉంది. 2025లో బెంగళూరు పాలికె స్థానంలో ఐదు నగరపాలికలు వచ్చాయి. పాత సంస్థ పోయినా పన్ను కట్టినవాళ్ల హక్కు పోదు. అందుకే సంస్థలు మారే ఏడాదిలోనే బకాయిల లెక్క గట్టిగా అడగాలి.

రెండో చిక్కు పాతబడిన లెక్కలు. 1965లో భూమి శిస్తు చెప్పుకోదగ్గ రాబడి. ఆనేకల్ లాంటి చోట ఇప్పుడు రాగి చేలు లేఅవుట్లయ్యాయి, శిస్తు నామమాత్రంగా మిగిలింది. నామమాత్రపు మొత్తంలో 3 శాతం ఎంతొస్తుంది? సరుకుల మీద వేసే ఆక్ట్రాయ్ పైనా సెస్ వేయవచ్చని పాత చట్టం అంది, ఆ ఆక్ట్రాయే రద్దయిపోయింది. ఇంటి పన్నుకు ఎక్కని కట్టడాల నుంచి సెస్ కూడా రాదు.

కోత ఏ వరసలో పడుతుంది?

జీతాలు ఆపలేరు, కాబట్టి ముందు ఆగేది కొత్త పుస్తకాల కొనుగోలు. తర్వాత పత్రికలు తగ్గుతాయి. ఉద్యోగి పదవీ విరమణ చేస్తే ఆ ఖాళీ భర్తీ కాదు. ఒకే మనిషి రెండు చోట్ల చూసుకోవాల్సి వస్తే పని గంటలు తగ్గుతాయి. చివరికి కారే కప్పు బాగుచేయించే దిక్కు ఉండదు. ఇంతవరకూ ఎక్కడా గ్రంథాలయం మూసేశామన్న ప్రకటన రాదు. పాఠకులే ఒక్కొక్కరుగా రావడం మానేస్తారు. అప్పుడు ఎవరూ రావడం లేదన్న మాటే తర్వాతి కోతకు కారణంగా చూపిస్తారు.

పుస్తకాల కోతతో మరో దెబ్బ కూడా తగులుతుంది. చిన్న ప్రచురణకర్తలకు గ్రంథాలయాల కొనుగోలే ఊపిరి. కొనుగోలు ఆలస్యమైనప్పుడల్లా కన్నడ ప్రచురణకర్తలు ఆందోళన చేసేది అందుకే. ఒక ఏడాది కొనని పుస్తకాలు మళ్లీ అచ్చు కాకపోతే, ఆ ఏడాది ఖాళీ గ్రంథాలయంలో శాశ్వతంగా ఉండిపోతుంది.

పంచాయతీ గ్రంథాలయం సంగతేమిటి?

2019లో కర్ణాటక ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లోని ఐదు వేలకు పైగా గ్రంథాలయాలను గ్రంథాలయ శాఖ నుంచి గ్రామీణాభివృద్ధి, పంచాయతీ రాజ్ శాఖకు అప్పగించింది. వీటినే ఇప్పుడు అరివు కేంద్రాలంటున్నారు. మంచి ఫలితాలు కనిపించాయి. పిల్లలను సభ్యులుగా చేర్పించే ఓదువ బెళకు కార్యక్రమం నడిచింది, చాలా చోట్ల కంప్యూటర్లు వచ్చాయి. అయినా వాటిని నడిపే మేల్విచారకులు (పర్యవేక్షకులు) ఏళ్ల తరబడి గౌరవ వేతనంతో నెట్టుకొస్తూ, కనీస వేతనం కోసం పోరాడాల్సి వచ్చింది. గోడలకు రంగులు వేసి, లోపల మనిషికి సరైన జీతం ఇవ్వకపోతే ఆ వెలుగు ఎంతకాలం ఉంటుంది?

ఆనేకల్ తాలూకాలో దీనికి ఇంకో మెలిక ఉంది. చందాపుర, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె, హెబ్బగోడి ఇటీవలి కాలంలో పంచాయతీ హోదా దాటి పురసభలు, నగరసభలు అయ్యాయి. ఊరు పట్టణమైతే పన్ను వసూలు చేసే సంస్థ మారుతుంది. గ్రంథాలయం ఏ శాఖ కింద ఉండాలన్న ప్రశ్నా వస్తుంది. అలాంటి చోట సెస్ ఒకరు వసూలు చేసి, గ్రంథాలయం బాధ్యత ఇంకొకరిదని చెప్పే వీలుంటుంది. మీ ఊరు అలా మారి ఉంటే, మొదట తెలుసుకోవాల్సింది మీ గ్రంథాలయం ఇప్పుడు ఎవరి కింద ఉందన్న సంగతే.

ఫోన్లోనే అన్నీ ఉన్నప్పుడు భవనం ఎందుకు?

కర్ణాటక 2020లో డిజిటల్ గ్రంథాలయం ప్రారంభించింది. అది మేలైన పనే. కానీ జిగణిలో ఒక్క గదిలో ఐదుగురుండే కార్మిక కుటుంబంలో పిల్లకు కావాల్సింది పుస్తకం ఒక్కటే కాదు. కూర్చోవడానికి చోటు, వెలుతురు, నిశ్శబ్దం కూడా కావాలి. పోటీ పరీక్షలకు చదువుకునే యువకుడికి కోచింగ్ సెంటర్ ఫీజు కట్టే స్తోమత లేకపోతే, పైసా అడగని బల్ల, కుర్చీ గ్రంథాలయంలోనే దొరుకుతాయి. ఇంట్లో కష్టం పెరిగే రోజుల్లోనే, అంటే ఖజానాకూ కష్టమైన రోజుల్లోనే, గ్రంథాలయం అవసరం ఎక్కువవుతుంది. అందుకే లోటు ఏడాదిలో దాన్ని కోయడం అన్నిటికంటే పెద్ద తప్పు.

బయటి దేశాల్లో ఎలా జరిగింది?

రెండు ఉదాహరణలు చూడండి. బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లు గ్రంథాలయాలు నడపాలని 1964 చట్టం విధించింది. విధి ఉంది, దానికంటూ ప్రత్యేక నిధి లేదు. 2010 తర్వాత పొదుపు విధానం వచ్చి కౌన్సిళ్ల నిధులు తగ్గాయి. దశాబ్దం తిరిగేసరికి దాదాపు 800 గ్రంథాలయాలు మూతబడ్డాయి.

రెండోది అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని సలీనాస్, రచయిత జాన్ స్టెయిన్‌బెక్ పుట్టిన ఊరు. 2004లో కొత్త పన్నుకు ఓటర్లు ఒప్పుకోలేదు. లోటు పూడ్చడానికి ఊళ్లో ఉన్న మూడు గ్రంథాలయాలూ మూసేయాలని నగర పాలకులు నిర్ణయించారు. జనం విరాళాలు పోగుచేసి వాటిని కొంతకాలం నిలబెట్టారు. 2005 నవంబరులో అదే ఓటర్లు డాలరుకు అర సెంటు అమ్మకం పన్నుకు సరేనన్నారు. గ్రంథాలయాలు బతికాయి. తాము కట్టేది దేనికి పోతుందో తెలిసినప్పుడు జనం కట్టడానికి వెనుకాడరని ఆ ఊరు చూపించింది.

బ్రిటన్‌లో విధి ఉండి నిధి లేకపోయింది. సలీనాస్‌లో నిధిని జనమే సమకూర్చారు. మనకు చట్టం ఉంది, నిధి ఉంది, జనం ఏటా కడుతూనే ఉన్నారు. కొరవడింది అడగడం ఒక్కటే.

అయితే ఎలా అడగాలి?

మొదట మీ కందాయం రసీదు తీసి గ్రంథాలయ సెస్ ఎంతో చూడండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కర్ణాటకలో దరఖాస్తు 150 మాటలకు మించకూడదు. మూడు ప్రశ్నలు చాలు: గత మూడేళ్లలో ఏటా ఎంత గ్రంథాలయ సెస్ వసూలైంది? ఎంత, ఏ తేదీన బదిలీ చేశారు? ఎంత మిగిలి ఉంది?

పంచాయతీలో ఉన్నవాళ్లకు ఇంకో మంచి వేదిక జమాబంది. పంచాయతీ లెక్కలను ఏటా జనం ముందు పెట్టే సభ అది. అక్కడ లేచి అడిగిన ప్రశ్న నమోదవుతుంది. గ్రామసభలోనూ అడగవచ్చు. పట్టణంలో ఉన్నవాళ్లు వార్డు సభ్యుణ్ని కలిసి, బడ్జెట్ తయారయ్యే ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లిన ఉత్తరానికి ఒంటరి ఫిర్యాదు కంటే బరువెక్కువ.

అసలు పరిష్కారం మాత్రం విధానంలో రావాలి. ఆన్‌లైన్లో పన్ను కట్టిన క్షణంలోనే గ్రంథాలయం వాటా విడిపోయి దాని ఖాతాలోకి వెళ్లేలా చేయడం ఇవాళ కష్టమేమీ కాదు. ఒకసారి సొమ్ము వేరే పద్దులో కలిశాక దాన్ని విడదీయడానికి ఏళ్లు పడుతుంది. కలవకముందే విడదీస్తే లోటు వచ్చినా ఎవరూ ముట్టుకోలేరు. మీ ఎమ్మెల్యేను అడగాల్సిన మొదటి కోరిక ఇదే.

తెలుగు పుస్తకాలు ఉంటాయా?

చదివేవాళ్లున్నారని తెలిస్తే ఉంటాయి. సభ్యత్వం తీసుకోండి, పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లి చదివి తిరిగివ్వండి, కావాల్సిన పుస్తకాల పేర్లు రాసివ్వండి. కొనుగోలు జాబితా వేసేవాళ్లకు నమోదైన అవసరమే ఆధారం. అలాగని తెలుగు పుస్తకాలకే పరిమితం కావద్దు. కన్నడ, తమిళం, ఉర్దూ చదివే పొరుగువాళ్లతో కలిసి అడిగితేనే గ్రంథాలయం ఊరందరిదీ అవుతుంది.

ఒక్కరం అడిగితే ఏమవుతుందని అనుకోవద్దు. బకాయిల లెక్క బయటికి వచ్చేది ఎవరో ఒకరు కాగితం పెట్టినప్పుడే. గ్రంథాలయ సెస్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే గ్రాంటు కాదు, మీరు ముందే కట్టేసిన సొమ్ము. లోటు ఎవరికి వచ్చినా ఆ సొమ్ము దాని చోటికి చేరాలి. ఈ ఏడాది కందాయం కట్టాక రసీదును దాచిపెట్టే ముందు, పోయినేడు కట్టిన సెస్ ఎక్కడికి వెళ్లిందని ఒక్క దరఖాస్తు రాయండి.