గన్నవరమా, శంషాబాదా? పల్నాటి ప్రయాణికుడి లెక్క

పల్నాడు జిల్లాలో ప్రయాణికుల విమానాలు నడిచే విమానాశ్రయం లేదు. నాగార్జునసాగర్ కుడిగట్టున విజయపురి సౌత్‌లో పాత ఎయిర్‌స్ట్రిప్ ఉన్నా, టికెట్ కొని ఎక్కే విమానమేదీ అక్కడికి రాదు. విమానం ఎక్కాలంటే తూర్పున విజయవాడ దగ్గరి గన్నవరానికో, వాయవ్యాన హైదరాబాద్ దగ్గరి శంషాబాద్‌కో పోవాలి. అమెరికా వెళ్లే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఈ రెంటిలో ఏది మేలన్న చర్చ నడుస్తుంది.

గన్నవరంలో ఎక్కి శంషాబాద్‌లో విమానం మారే దారికి ఎంతసేపు పడుతుందో తేలాలంటే, ముందు ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం చూద్దాం. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గాలి దూరం సుమారు 265 కి.మీ. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గర గీత పొడవిది. విమానం అచ్చంగా ఆ గీత మీదే పోదు. గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. అందుకోసం చుట్టు తిరగాల్సి వస్తుంది. దిగే చోట రద్దీ ఉంటే వంతు కోసం ఆగాలి.

ఏటీఆర్ రకం చిన్న విమానం గంటకు దాదాపు 500 కి.మీ. వేగంతో పోతుంది. ఆ లెక్కన అరగంట చాలాలి. టికెట్ మీద మాత్రం గంట, గంటంపావు కనిపిస్తుంది. టికెట్ మీది సమయం గాలిలో ఉన్నంతసేపే కాదు, నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అవతల ఆగేదాకా. రన్‌వే దాకా విమానం నేల మీద మెల్లగా కదలడం, పైకెక్కేటప్పుడు, దిగేటప్పుడు తగ్గే వేగం అన్నీ అందులోనే ఉంటాయి. దూరం తక్కువైన కొద్దీ ఈ అదనపు నిమిషాల వాటా పెరుగుతుంది.

ఇక ఇంటి గుమ్మం నుంచి లెక్క వేయాలి. నరసరావుపేట నుంచి గుంటూరు, విజయవాడ మీదుగా గన్నవరం సుమారు 100 కి.మీ.; రెండున్నర గంటలు. చెక్-ఇన్ కౌంటరు విమానం బయల్దేరే గంట ముందే మూసేస్తారు కాబట్టి మరో గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. విమానంలో గంట కలిపితే శంషాబాద్ చేరేసరికి ఐదు గంటలు. పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా కారులో పోయినా ఇంచుమించు అంతే.

మాచర్ల వారి లెక్క వేరు. సాగర్, ఇబ్రహీంపట్నం దారిన శంషాబాద్ సుమారు 170 కి.మీ. గన్నవరమూ దాదాపు అంతే దూరం. హైదరాబాద్‌లో విమానం మారడానికి గన్నవరం పోవడమంటే, తూర్పుకు 170 కి.మీ. వెళ్లి మళ్లీ పడమటికి రావడమే. వారికి నేరుగా శంషాబాద్ పోవడమే మేలు.

అయితే సమయంతోపాటు టికెట్ తీరునూ చూసుకోవాలి. గన్నవరం నుంచి విదేశం దాకా ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినా మరోదాంట్లో పంపే బాధ్యత సాధారణంగా విమాన సంస్థదే. విడివిడిగా కొంటే ఆ నష్టం ప్రయాణికుడిదే. నరసరావుపేట వారికి రెండు దారులూ ఒకే సమయం పడుతున్నప్పుడు, పెద్ద పెట్టెలతో ఒంటరిగా బయల్దేరే విద్యార్థికి ఒకే టికెట్ దారి భద్రం. అది దొరకకపోతే కారులో నేరుగా శంషాబాద్ చేరడమే మంచిది.