పిల్లి మోకాలికి ఆపరేషన్ అయ్యాక

పిల్లి వెనక కాలి మధ్యలో, వెనక్కి వంగి కనిపించే కీలును చాలామంది మోకాలు అనుకుంటారు. అది మడమ. అసలు మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా, బొచ్చులో కలిసిపోయి ఉంటుంది. దానికి ఆపరేషన్ అవసరమయ్యేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. మోకాలి చిప్ప గాడి తప్పి పక్కకు జారడం ఒకటి. ఎత్తు నుంచి పడో, కాలు మెలిపడో క్రూసియేట్ లిగమెంటు (తొడ ఎముకనూ కింది ఎముకనూ కీలు లోపల కలిపి ఉంచే గట్టి పట్టీ) తెగడం రెండోది.

చిప్ప జారితే డాక్టరు ఆ గాడిని లోతు చేస్తారు. అవసరమైతే చిప్పను కిందికి లాగిపట్టే ఎముక ముక్కను కోసి, సరైన చోటికి జరిపి, సన్నటి పిన్నులతో బిగిస్తారు. ఆ ఎముక అతకడానికి సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. లిగమెంటు తెగినప్పుడు ఎక్కువగా కీలు బయటి నుంచి గట్టి నైలాన్ దారం బిగిస్తారు. అయితే ఆ దారం జీవితాంతం కాలును కాయదు. స్లాబ్ పోశాక కొన్నాళ్లు సెంట్రింగ్ ఉంచినట్టు, కీలు చుట్టూ మచ్చ కణజాలం (గాయం మానేటప్పుడు శరీరం అల్లుకునే పీచు) గట్టిపడేదాకా మాత్రమే అది ఆసరా. ఈలోగా పిల్లి బీరువా మీదికి ఎగిరితే దారం తెగొచ్చు, పిన్ను కదలొచ్చు. అప్పుడు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావచ్చు.

చిక్కు ఎక్కడంటే, నొప్పి ముందు తగ్గుతుంది, ఎముక గానీ మచ్చ కణజాలం గానీ తర్వాత గట్టిపడుతుంది. చాలా పిల్లులు రెండు వారాల్లోపే కాలు నేలకు ఆనిస్తాయి. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీసేస్తారు. ఇక బాగయిపోయిందని మనకు అనిపిస్తుంది, బయటికి వదలమని అది గోల చేస్తుంది. నా దృష్టిలో మొదటి వారం కన్నా ఈ మూడో వారమే ఎక్కువ జాగ్రత్త పడాల్సిన సమయం. జాలిపడి వదలకండి.

పెద్ద బోను గానీ, ఎక్కడానికి ఏమీ లేని చిన్న గది గానీ చాలు. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ నున్నగా ఉంటాయి కాబట్టి కింద పాత జంపఖానా పరవండి. లిట్టర్ ట్రే అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. పిల్లి నాలుక మీద ముళ్లలాంటి బొడిపెలుంటాయి. ఊరికే నాకినా కుట్లు ఊడిపోవచ్చు. అందుకే మెడకు పెట్టిన ప్లాస్టిక్ గరాటును డాక్టరు చెప్పేదాకా తీయొద్దు.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. గురగురలాడుతోంది కదా అని నిశ్చింతగా ఉండలేం, నొప్పిలోనూ అలాగే చేస్తుంది. ముఖం చూడటం మేలు. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ఇందుకో కొలమానం ప్రచురించారు. చెవులు విడివడి పక్కలకు తిరగడం, కళ్లు సగం మూతపడటం, మూతి బిగుసుకోవడం, మీసాలు నిటారుగా ముందుకు చాచుకోవడం, తల భుజాల కన్నా కిందికి వాలడం: ఈ ఐదింటికీ 0 నుంచి 2 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 10లో 4 గానీ, అంతకు మించి గానీ వస్తే నొప్పి మందు సరిపోవడం లేదని అర్థం. డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఆ మందు మాత్రం మన అలమారలోంచి తీయకూడదు. పారాసెటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మిగిలిపోయిన విషం రక్తాన్ని ఆక్సిజన్ మోయనీయకుండా చేస్తుంది. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క మాత్రతోనే ప్రాణం పోవచ్చు. డాక్టరు ఇచ్చిన మెలాక్సికామ్ లాంటి మందునైనా చెప్పిన చుక్కలు దాటి వేస్తే మూత్రపిండాలు దెబ్బతినొచ్చు.

తిండి మానేస్తే రెండో రోజు దాకా చూడకుండా డాక్టరుకు చెప్పండి. పస్తున్న పిల్లి ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది, లావు పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. తిండిని గోరువెచ్చగా చేసి పెడితే వాసన పెరిగి నోరు కదుపుతుంది.

ఆనిస్తున్న కాలును ఉన్నట్టుండి మళ్లీ పైకి ఎత్తిపట్టినా, గాయం నుంచి చీము కారినా, వాసన వచ్చినా అదే రోజు చూపించండి. అంతా సవ్యంగా ఉంటే 6 నుంచి 8 వారాలకు డాక్టరు మళ్లీ చూస్తారు, ఎముక కోసి ఉంటే ఎక్స్‌రే తీస్తారు. ఎముక అతికిందని, లేదా కీలు గట్టిపడిందని డాక్టరు చెప్పాకే, ముందు ఇల్లంతా తిరగనివ్వండి. కొన్నాళ్లకు సోఫా, మెట్లు. సన్నబడిన తొడ కండ రెండో తొడతో సమానమయ్యాకే బీరువా, ప్రహరీ గోడ.