చిన్న వజ్రాల గనుల కంపెనీలు: తక్కువ ధరకూ తక్కువ అంచనాకూ మధ్య భేదం

వ్యాససంగ్రహం:
ఒక కంపెనీ షేరు దాని ఆస్తుల విలువకన్నా తక్కువ ధరకు దొరికినప్పుడు మార్కెట్ దానిని తక్కువగా అంచనా వేసిందని మదుపరులు భావిస్తారు. ఒకటి రెండు గనులపై ఆధారపడిన వజ్రాల కంపెనీల విషయంలో ఈ భావన ఎంతవరకు చెల్లుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. కెనడాలోని రెనార్డ్, బోట్స్వానాలోని కరోవే, లెసోతోలోని లెట్సెంగ్ గనులు ఇందుకు ఉదాహరణలు.

కీలకపదాలు: వజ్రాలు, కింబర్లైట్, షేరు విలువ, రుణభారం, రెనార్డ్, కరోవే, లెట్సెంగ్.

1. ఉపోద్ఘాతం:
భారతదేశంలో వజ్రాలకు సానపట్టే పరిశ్రమ విస్తృతమైనది. గనుల రంగం మాత్రం స్వల్పం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఎన్.ఎం.డి.సి.కి మధ్యప్రదేశ్‌లోని పన్నా వద్ద వజ్రాల గని ఉన్నా, ఆ సంస్థ ఆదాయానికి ఆధారం ఇనుప ఖనిజమే. కేవలం వజ్రాల తవ్వకంపై ఆధారపడిన చిన్న కంపెనీల షేర్లు ప్రధానంగా టొరంటో, లండన్ మార్కెట్లలో కనిపిస్తాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం భారతీయ నివాసి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపే వీలున్నందున ఈ షేర్లు ఇక్కడి మదుపరికి అందుబాటులోనే ఉన్నాయి. అందుచేత వాటి విలువను నిర్ణయించే అంశాలు తెలియడం అవసరం.

2. శిల నుంచి గని వరకు:
వజ్రాలు ప్రధానంగా కింబర్లైట్ అనే అగ్నిశిలలో లభిస్తాయి. ప్రపంచంలో వేల సంఖ్యలో కింబర్లైట్లను గుర్తించినా, లాభసాటి గనులుగా మారినవి పదుల సంఖ్యలోనే ఉన్నాయి. అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతంలో కింబర్లైట్లు ఉన్నట్లు దశాబ్దాల క్రితమే తెలిసినా అక్కడ వాణిజ్య గని ఏర్పడలేదు. శిల ఉండటం, అందులో వజ్రాలుండటం, వాటిని తవ్వితే లాభం రావడం అనేవి మూడు వేర్వేరు దశలు.

మూడవ దశను నిర్ణయించేది టన్ను శిల నుంచి వచ్చే ఆదాయం. వంద టన్నుల శిలకు ఎన్ని క్యారట్లు లభిస్తాయో తెలిపే గ్రేడును, క్యారట్ సగటు ధరతో గుణిస్తే ఇది తెలుస్తుంది. ఉదాహరణకు వంద టన్నులకు 2 క్యారట్లు, క్యారట్‌కు 1,500 డాలర్లు అయితే టన్నుకు 30 డాలర్లు వస్తాయి. వంద టన్నులకు 100 క్యారట్లు, క్యారట్‌కు 70 డాలర్లు అయితే టన్నుకు 70 డాలర్లు. లెట్సెంగ్ మొదటి తరహా గని. అక్కడి గ్రేడు అత్యల్పమైనా క్యారట్ సగటు ధర ప్రపంచ గనులలో అగ్రశ్రేణికి చెందినది. 2018 జనవరిలో అక్కడ దొరికిన 910 క్యారట్ల రాయి 4 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. గనిలో 30 శాతం లెసోతో ప్రభుత్వానిది కనుక నిర్వహణ కంపెనీ షేర్‌దారులు మిగిలిన 70 శాతాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

3. వజ్రానికి నిలకడైన ధర లేకపోవడం:
బంగారానికి ప్రతిదినం ప్రకటిత ధర ఉంటుంది. ముడి వజ్రానికి పరిమాణం, రంగు, స్వచ్ఛత, ఆకృతులను బట్టి ధర మారుతుంది. 2015 నవంబరులో కరోవే గనిలో లభించిన రెండు రాళ్లు ఇందుకు నిదర్శనం. 813 క్యారట్ల ‘కాన్‌స్టెలేషన్’ 2016లో సుమారు 6.3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. అంతకన్నా పెద్దదైన 1,109 క్యారట్ల ‘లెసెడి లా రోనా’కు అదే సంవత్సరం లండన్ వేలంలో కనీస ధర రాలేదు. 2017లో గ్రాఫ్ సంస్థ దానిని 5.3 కోట్ల డాలర్లకు కొన్నది. కంపెనీ చేతిలో ఉన్న రాయి విలువే ఇంత అనిశ్చితమైతే, ఇంకా భూగర్భంలో ఉన్న రాళ్ల విలువపై వేసే అంచనాలో పొరపాటుకు మరింత ఆస్కారముంటుంది.

దీనికి తోడు ప్రయోగశాలలో తయారయ్యే వజ్రాల ధరలు వేగంగా పడిపోయి, సహజ వజ్రాల గిరాకీని, ముఖ్యంగా చిన్న రాళ్ల గిరాకీని, దెబ్బతీశాయి. పాత ధరల ఆధారంగా లెక్కించిన గని విలువ అందువల్ల నమ్మదగినది కాదు.

4. రుణం చూపే ప్రభావం:
ఒక ఊహాత్మక కంపెనీ ఏటా 20 కోట్ల డాలర్ల వజ్రాలు అమ్ముతూ, 16 కోట్లు ఖర్చుచేసి, 4 కోట్లు మిగుల్చుకుంటున్నదనుకుందాం. షేర్లన్నిటి మార్కెట్ విలువ 10 కోట్లయితే అది చవకగా తోస్తుంది. వజ్రాల ధర 20 శాతం తగ్గితే ఆదాయం 16 కోట్లకు దిగి మిగులు పూర్తిగా మాయమవుతుంది. రుణ వాయిదాలు అప్పుడు కూడా చెల్లించవలసిందే. ఈ స్థితిలో కంపెనీ తక్కువ ధరకు కొత్త షేర్లు జారీచేస్తే పాత మదుపరి వాటా పలుచనవుతుంది. జారీ చేయలేకపోతే గని రుణదాతల పరమవుతుంది.

క్యుబెక్ రాష్ట్రంలోని రెనార్డ్ గని చరిత్ర ఇదే. దానిని నిర్మించిన స్టోర్నోవే కంపెనీ 2014లో 90 కోట్ల కెనడియన్ డాలర్లకు పైగా నిధులు సమకూర్చుకుంది. 2017 జనవరిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభమైంది. గని పనిచేసింది, వజ్రాలూ వచ్చాయి. అయితే శుద్ధి ప్రక్రియలో రాళ్లు విరగడం, అమ్మకపు ధరలు అంచనాను అందుకోకపోవడం వల్ల రుణభారం మోయలేనిదైంది. 2019 సెప్టెంబరులో కంపెనీ న్యాయస్థాన రక్షణను ఆశ్రయించగా గని రుణదాతల చేతికి వెళ్లింది. సాధారణ షేర్‌దారులకు ఏమీ మిగలలేదు. ఆ షేరు పడిపోతున్న కాలంలో ‘ఆస్తుల విలువలో కొద్దిభాగానికే దొరుకుతోంది’ అని కొన్నవారు కంపెనీ ఆస్తులను లెక్కించారు గాని, ఆ ఆస్తులపై తమకన్నా ముందు హక్కు ఎవరిదో లెక్కించలేదు.

5. కరోవే: ఇంకా తేలని ప్రశ్న:
కరోవే గనిని నిర్వహించే లుకారా కంపెనీ ఎక్స్‌-కిరణాల సాయంతో పెద్ద రాళ్లను పగలకముందే వేరుచేసే యంత్రాలను నెలకొల్పింది. 2024 ఆగస్టులో 2,488 క్యారట్ల రాయి దొరకగానే షేరు ధర ఎగసింది. కానీ కంపెనీ భవితవ్యం భూగర్భ గని నిర్మాణంపై ఆధారపడి ఉంది. దాని వ్యయ అంచనా 2023లో సుమారు 55 కోట్ల డాలర్ల నుంచి 68.3 కోట్లకు పెరిగింది; గడువూ వెనక్కి జరిగింది. నిర్మాణం పూర్తయ్యేదాకా పాత గని ఆదాయం, రుణం కలిసి ఖర్చును మోయాలి. లోతున ఉన్న శిల ఎంత విలువైనదైనా, అక్కడికి చేరేలోగా నగదు నిండుకుంటే ఆ విలువ నేటి షేర్‌దారునికి దక్కదు. మార్కెట్ ఇచ్చే తగ్గింపు ధరలో ఈ భయం కూడా ఇమిడి ఉంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ప్రకటిత గని విలువను అంగీకరించే ముందు, అందులో వాడిన క్యారట్ ధరను ఇటీవలి టెండర్లలో వచ్చిన ధరతో పోల్చాలి.
• వజ్రాల ధర 20 శాతం తగ్గినా కంపెనీ ఖర్చులూ వడ్డీ చెల్లించగలదా అని లెక్కించాలి.
• రుణ వాయిదాల తేదీలను, గని నిర్మాణం పూర్తయ్యే తేదీని పక్కపక్కన ఉంచి చూడాలి.
• గత అయిదేళ్లలో షేర్ల సంఖ్య ఎంత పెరిగిందో గమనించాలి. మొత్తం కంపెనీ విలువ పెరిగినా ఒక్కో షేరు విలువ తగ్గి ఉండవచ్చు.
• ఆదాయంలో అరుదైన పెద్ద రాళ్ల భాగం ఎంతో తెలుసుకోవాలి. ఒక మంచి సంవత్సరాన్ని సగటుగా భావించరాదు.

ఈ పరీక్షలన్నిటికీ నిలిచిన తరువాత కూడా షేరు ధర తక్కువగానే ఉంటే దానిని తక్కువ అంచనాగా భావించవచ్చు. అప్పుడైనా ఒకే గనిపై ఆధారపడిన కంపెనీలో వరద, కార్మిక సమ్మె, ప్రభుత్వ నిర్ణయం వంటి ఒక్క ఘటన ఫలితాన్ని తారుమారు చేయగలదు. కాబట్టి పూర్తిగా పోయినా కుటుంబ జీవనానికి లోటు రాని మొత్తానికే ఇటువంటి మదుపును పరిమితం చేయడం యుక్తం.